ఒంటితో పలికిన నటుడు: పైడి జైరాజ్ పనితనం

మూకీల కాలపు కెమెరాకు పక్కన ఒక పిడి ఉండేది. కెమెరామన్ దాన్ని చేత్తో తిప్పాలి. ఒక్క చుట్టుకు ఎనిమిది బొమ్మలు పడతాయి. సెకనుకు రెండు చుట్లు తిప్పితే పదహారు బొమ్మలు. ఫిల్ములో అడుగుకు కూడా పదహారు బొమ్మలే పడతాయి కనక లెక్క తేలిక: సెకనుకో అడుగు. వెయ్యి అడుగుల రీలు పదహారు నిమిషాల చిల్లర నడుస్తుంది. చెయ్యి లయ తప్పకుండా ఉండటానికి కొందరు కెమెరామన్లు లోలోపల ఏదో ఒక పాట కూనిరాగం తీసుకునేవారు. ఎదుట నిలబడ్డ నటుడికి ఆ పాట వినపడదు. అయినా అతని నడక, అతని చెయ్యి విసురు దాని వేగానికి సరిపడాలి. కరీంనగర్‌లో పుట్టి, హైదరాబాద్ నిజాం కాలేజీలో చదువుకుని, 1929లో బొంబాయి తెరమీదికి ఎక్కిన పైడి జైరాజ్ పని నేర్చుకున్నది ఇలాంటి పిడి కెమెరా ముందే.

ఆయన పుట్టింది 1909 సెప్టెంబర్ 28న. పోయింది 2000 ఆగస్టు 11న. మన పాలమూరు దిక్కు ఆ పేరు ఎత్తితే, తెలిసినవాళ్లు 'ఫాల్కే అవార్డు వచ్చినాయన గదా' అంటారు. 1980 సంవత్సరానికి ఆయనకు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వచ్చిన మాట నిజం. తెలుగువాళ్లలో అంతకుముందు 1974కు బి.ఎన్. రెడ్డికి వచ్చింది, ఆ తర్వాత జైరాజ్‌కే. కానీ ఎందుకు ఇచ్చారు, ఆయన చేతిలో ఉన్న విద్య ఏమిటి అని అడిగితే మాట ఆగిపోతుంది. ఆయన బతుకంతా బొంబాయిలో, హిందీ సినిమాలో గడిచిపోవడం ఒక కారణం. ఆయన మూకీలు మనకు చూడటానికి దొరక్కపోవడం ఇంకా పెద్ద కారణం. 'జగ్‌మగ్‌తీ జవానీ'తో మొదలుపెట్టి పదకొండు దాకా మూకీల్లో నటించారంటారు. మన దేశంలో మూకీలు దాదాపు 1,300 తయారైతే, ఈనాటికి మిగిలినవి ముప్పైకి లోపే. వాటిలోనూ కొన్ని ముక్కలుచెక్కలు. నైట్రేట్ ఫిల్ము తేలిగ్గా అంటుకుని కాలిపోయేది, వేడికీ తేమకూ పాడయ్యేది. ఎన్నో రీళ్లు అందులోని వెండి కోసం కరిగిపోయాయి. పుణెలో జాతీయ ఫిలిం ఆర్కైవ్ పెట్టింది 1964లో. అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

అందుకని ఆ పనిని వేరే దారిలో పట్టుకోవాలి. ఆ రోజుల్లో నటుడి ముందు ఏయే అడ్డంకులు ఉండేవో, ఒక్కొక్క అడ్డంకికి ఒళ్లు ఏ ఉపాయం కనిపెట్టిందో చూడాలి.

మొదటి అడ్డంకి వెలుతురు. బొంబాయి స్టూడియోలు చాలామట్టుకు ఎండమీదే బతికేవి. పైకప్పు లేని సెట్టు, పైన పల్చటి తెల్లగుడ్డ, పక్కల నుంచి వెండికాగితం అంటించిన పలకలు. గుడ్డ ఎండను మెత్తబరుస్తుంది, పలకలు దాన్ని మళ్లీ ముఖంమీదికి తోస్తాయి. ఆ పలకల వెలుగు సూటిగా కళ్లలో పడుతుంటే కళ్లు చిట్లించకుండా నిలబడటమే ఒక విద్య. నటుడు షాట్ మొదలయ్యేదాకా కళ్లు మూసుకుని, దర్శకుడు అరిచాక తెరుస్తాడు. మొదటి కొద్ది క్షణాల్లోనే పెద్ద భావం పలికించాలి, కన్నీళ్లు కారకముందే.

రెండోది ఫిల్ము గుణం. అప్పటి ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనబడదు. ఎర్రటి వస్తువు ఏదైనా తెరమీద నల్లగా పడుతుంది. కుంకుమ బొట్టు నల్లచుక్క అవుతుంది, తాంబూలం వేసుకున్న పెదవులు మసి పూసినట్టు కనిపిస్తాయి, నీలాకాశం తెల్లకాగితం అవుతుంది. మన చర్మంలో ఎరుపు, గోధుమ ఛాయలు ఎక్కువ గనక ముఖం అసలుకంటే ముదురుగా వస్తుంది. అందుకే ముఖానికి మందంగా లేతరంగు పూత పూసి, కళ్ల చుట్టూ గీత దిద్దేవారు. ఆ పూత కింద చర్మంలోని చిన్న చిన్న కదలికలు అణిగిపోతాయి. మిగిలేవి కనుబొమలు, కనురెప్పలు, మెడ, భుజాలు, చేతులు. మూకీల్లో 'అతి' కనిపిస్తుందని మనం నవ్వుకుంటాం గాని, అందులో సగం అతి కాదు. ముఖంలో పనిచెయ్యని భాగాల పనిని మిగతా ఒళ్లు ఎత్తుకున్నదంతే. అన్ని రంగులనూ పట్టే పాన్‌క్రోమాటిక్ ఫిల్ము 1920ల చివరకుగాని వాడకంలోకి రాలేదు. జైరాజ్ అడుగుపెట్టింది సరిగ్గా ఆ మారే వేళకు.

మూడోది, నాకు అన్నిటికంటే ముచ్చటగా తోచేది, మాటల అట్ట. నటుడు నోరు తెరిచి రెండు ముక్కలు పలుకుతాడు. అక్కడ బొమ్మ తెగుతుంది. తెరమీద అక్షరాల అట్ట వస్తుంది, తరచు రెండు మూడు భాషల్లో. చదువు వచ్చినవాడు హాల్లో గట్టిగా చదువుతాడు, రానివాళ్లు వింటారు. హార్మోనియం వాయించేవాడు ఆ లోపు రాగం మారుస్తాడు. అట్ట పోయి మళ్లీ నటుడు కనబడేసరికి అతని ముఖం ఆగినచోటే ఉండాలి. ఈ రెండు ముక్కలనూ ఒకేసారి తీసి మధ్యలో అట్ట అతికించవచ్చు, లేదా విడివిడిగా తియ్యవచ్చు. విడిగా తీస్తే గడ్డం ఎంత ఎత్తున ఉంది, చెయ్యి నడుం మీద ఎక్కడుంది, ఏ కాలిమీద బరువు ఉంది అన్నీ నటుడే గుర్తుంచుకోవాలి. ఒంటిలోని భంగిమను లెక్కపెట్టి దాచుకుని, అడిగినప్పుడు తిరిగి ఇయ్యగలగడం అన్నమాట. మన బిజినేపల్లి చుట్టుపక్కల ఊళ్లలో రాత్రంతా బాగోతం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. వెనక వరసలో కూర్చున్నవాడికి పాట అందకపోయినా, వచ్చింది రాజా, మంత్రా, రాక్షసుడా అన్నది నడకలోనే తెలిసిపోతుంది.

మాట లేకపోవడం వల్ల ఒక సౌకర్యం కూడా ఉండేది. షాట్ నడుస్తుండగానే దర్శకుడు కేకలు వేసి నడిపించవచ్చు: తిరుగు, ఆగు, ఇప్పుడు చూడు. కత్తియుద్ధాన్ని గట్టిగా అంకెలు లెక్కపెడుతూ తియ్యవచ్చు. ఒకటికి పైనుంచి వేటు, రెండుకు అడ్డుకోవడం, మూడుకు అడుగు వెనక్కి, నాలుగుకు కిందినుంచి వేటు. కత్తులు మొద్దువే, కానీ మణికట్టు విరగ్గొట్టడానికి మొద్దుకత్తి చాలు. కాబట్టి వేటు ఎదుటివాడి ఒంటికి గురిపెట్టరు, అతని కత్తి ఉండబోయే చోటికి గురిపెడతారు. ఇద్దరూ కెమెరాకు అడ్డంగా కాక ఐమూలగా నిలబడతారు. అప్పుడు రెండు ముఖాలూ కనిపిస్తాయి, కత్తులూ ఒకదాన్నొకటి కప్పెయ్యవు. పిడిగుద్దుకైతే ఇంకో కిటుకు. కెమెరా, కొట్టేవాడి పిడికిలి, తినేవాడి దవడ ఒకే గీతలో ఉంటే మధ్యనున్న జానెడు ఖాళీ తెరమీద మాయమవుతుంది. దెబ్బ నిజమని నమ్మించేది కొట్టినవాడు కాదు. తల ఎప్పుడు తిప్పాలో తెలిసిన రెండోవాడు.

వేగం పెంచే ఉపాయం మళ్లీ ఆ పిడిలోనే ఉంది. సెకనుకు రెండు చుట్లకు బదులు ఒకటిన్నర తిప్పితే పన్నెండు బొమ్మలే పడతాయి. వాటిని పదహారు చొప్పున ఆడిస్తే గుర్రం మూడోవంతు ఎక్కువ వేగంతో దౌడు తీస్తుంది. ఇక్కడే నటుడి నేర్పు కావాలి. గుర్రం వేగం పెరిగితే బాగుంటుంది గాని, రౌతు చెయ్యి కూడా అదే లెక్కన పెరిగితే కోతిచేష్టలా ఉంటుంది. కాబట్టి జీనుమీద కూర్చున్నవాడు కావాలనే నిదానంగా కదలాలి. తెరమీద మామూలుగా కనబడటానికి అసలులో మెల్లగా చెయ్యాలి. గుర్రాన్ని ఒక చేత్తో ఆపుకుంటూ, కెమెరామన్ తగ్గించిన చుట్లను మనసులో పట్టుకుంటూ, తన చెయ్యిని ఆ మేరకు సాగదీసుకోవాలి. మూకీ నటుడిని 'అరిచే బొమ్మ' అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి.

బొంబాయిలో ఆ రోజుల్లో ఇలాంటి సాహస చిత్రాలకు గిరాకీ జోరుగా ఉండేది. 1925లో మొదలైన శారదా ఫిలిం కంపెనీ మాస్టర్ విఠల్‌తో వరసగా తీసింది. అమెరికా నుంచి వచ్చే డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ చిత్రాలు, ఎడ్డీ పోలో సీరియళ్లు, టామ్ మిక్స్ గుర్రపు విన్యాసాలు ఇక్కడి కుర్రకారుకు కంఠస్థం. మిగిలిన కొద్ది మూకీల్లో ఒకటైన 'దిలేర్ జిగర్' (1931) చూస్తే ఆ వాసన ఇంకా తగులుతుంది. పుణెలో అగర్వాల్ కంపెనీకి జి.పి. పవార్ తీసిన చిత్రం అది. అందులో దొమ్మరివాళ్ల గారడీకీ కత్తియుద్ధానికీ మధ్య గీత దాదాపు ఉండదు. వ్యాయామంతో గట్టిపడిన ఒళ్లు, పొడగరితనం ఉన్న జైరాజ్‌ను ఆ పరిశ్రమ చేరదీయడంలో వింత లేదు.

అమెరికా కౌబాయ్ మూకీల్లో మాత్రం ఇంకో దారి నడిచినవాడు ఒకడున్నాడు, విలియం ఎస్. హార్ట్. రంగస్థలంమీద షేక్‌స్పియర్ ఆడి, 1899లో 'బెన్ హర్' నాటకంలో మెస్సాలాగా వేసి, యాభైకి దగ్గరపడ్డాక 1914లో థామస్ ఇన్స్ దగ్గర సినిమాలో చేరాడు. మిగతావాళ్లు ఎగిరి దూకుతుంటే ఇతను కదలకుండా నిలబడ్డాడు. పొడుగాటి ముఖం, సగం మూసిన కళ్లు. కెమెరామన్ జోసెఫ్ ఆగస్ట్ ఆ ముఖాన్ని దగ్గరగా, తొందరపడకుండా తీశాడు. 'హెల్స్ హింజెస్' (1916)లో ఊరు తగలబడేముందు హార్ట్ రెండు తుపాకులతో కొద్దిగా ముందుకు వంగి నిలబడే తీరు చూడండి. కోపం అంతా భుజాల్లో ఉంటుంది, ముఖంలో ఏమీ ఉండదు. అతని గుర్రం ఫ్రిట్జ్ మచ్చల గుర్రం, చిన్నది. దానిమీద పొడగరి రౌతు కూర్చుంటే కాళ్లు కిందికి వేలాడుతూ అందంగా ఉండదు గాని, నిజంగా ఉంటుంది. బట్టలకు దుమ్ము, వీధికి బురద ఉండాల్సిందేనని అతని పట్టు. 1925లో 'టంబుల్‌వీడ్స్' అతని చివరి చిత్రం. 1939లో దాన్ని మళ్లీ విడుదల చేసినప్పుడు ముందు ఒక ఉపోద్ఘాతం చేర్చారు. అందులో మొదటిసారి అతని గొంతు వినపడుతుంది. నాటకాల్లో సానబట్టిన గొంతు, చిత్రాల్లో బతుకంతా అట్టల వెనక ఉండిపోయింది.

జైరాజ్ కథ ఇక్కడ వేరే దిక్కుకు తిరుగుతుంది. 1931 మార్చి 14న మన దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా' వచ్చింది. ఒక్కసారిగా గొంతు లేనివాడికి పని లేకుండా పోయింది. విఠల్ లాంటి మొనగాడికే హిందుస్తానీ ఉచ్చారణ అడ్డొచ్చి, ఆ చిత్రంలో అతని పాత్రను ఎక్కువసేపు మాటలు పెట్టకుండా నడిపారు. పనితీరు కూడా తారుమారైంది. కెమెరా చప్పుడు మైకులోకి పోకుండా దాన్ని పెట్టెలో మూశారు. పిడి పోయి మోటారు వచ్చింది, సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు ఖాయం, తగ్గించేది లేదు. దర్శకుడి కేకలు బందు. లెక్కపెట్టి తీసే కత్తియుద్ధం ఇప్పుడు లోలోపలే లెక్కపెట్టుకోవాలి. నటుడు పూలకుండీలోనో దీపపు గుత్తిలోనో దాచిన మైకుకు దూరం పోకుండా నిలబడి మాట్లాడాలి.

హైదరాబాద్ చదువు అక్కడ అక్కరకొచ్చింది. ఉర్దూ రాజభాషగా ఉన్న నగరంలో పెరిగినవాడికి బొంబాయి టాకీలు కోరుకున్న భాష నోట్లో సిద్ధంగా ఉంటుంది. 'షికారీ' (1932)తో ఆయన టాకీల్లోకి వచ్చారు. 1934లో మోహన్ భవనానీ అజంతా సినీటోన్‌కు తీసిన 'మజ్దూర్'లో నాయకుడయ్యారు. దానికి కథ రాసింది ప్రేమ్‌చంద్, బొంబాయి సెన్సారు దాన్ని ఆపేసింది. 1938లో బాంబే టాకీస్ 'భాభీ'లో రేణుకాదేవి పక్కన నటించారు. దర్శకుడు ఫ్రాంజ్ ఆస్టెన్. 'లైట్ ఆఫ్ ఆసియా', 'షిరాజ్', 'ఎ త్రో ఆఫ్ డైస్' అనే మూకీలు ఇక్కడ తీసిన జర్మన్ ఆయన. అంటే మాటల స్టూడియోలో కూడా కెమెరా ఇవతలా అవతలా మూకీ చేతులే. 1943లో 'హమారీ బాత్', దేవికారాణి కథానాయికగా వేసిన చివరి చిత్రం, నాయకుడు జైరాజ్. 1945లో 'ప్రతిమ'కు ఆయనే దర్శకుడు. అందులో నాయకుడు, అప్పుడప్పుడే తెరకెక్కిన దిలీప్ కుమార్. ఒంటితో పలకడం నేర్చిన తరంవాడు, గొంతు తగ్గించి పలకబోయే తరంవాడికి షాట్ చెప్పాడు. ఆ సెట్టు మీద ఏం మాట్లాడుకున్నారో వినాలని నాకు ఇప్పటికీ ఆశ.

ఆయన చేతి విద్యకు సరైన గిరాకీ మళ్లీ 1950ల్లో దొరికింది. 'హాతిమ్ తాయ్' (1956), 'అమర్ సింగ్ రాథోడ్' (1957), 'టిప్పు సుల్తాన్', 'సమ్రాట్ పృథ్వీరాజ్ చౌహాన్' (1959), 'వీర్ దుర్గాదాస్' (1960). వరసగా రాజులు, సేనానులు. అప్పటికి ఆయనకు నలభై దాటి యాభై దగ్గరకొచ్చింది. ఈ వేషాల్లో బరువు అసలు సంగతి. తలపాగా, చిలకత్తు, నడుం పట్టీ, భుజాన వస్త్రం, మెడలో హారాలు. ఇవన్నీ వేసుకుని మామూలు మనిషి నడిస్తే ఊయల ఊగినట్టుంటుంది. అలవాటున్నవాడు కదలికను నడుంనుంచి మొదలుపెడతాడు. ముందు కన్ను తిరుగుతుంది, తర్వాత మెడ, తర్వాత భుజం, చివరకు కాలు. ఆ వరసలో కదిలితే బట్ట ఒంటి వెనక వస్తుంది, ఒంటిని లాగదు. వేటు వేసేముందు ఒక్క క్షణం పూర్తిగా ఆగడం కూడా మూకీల బడి పాఠమే. ఆగితేనే చూసేవాడి కన్ను కత్తిమీద కుదురుకుంటుంది, అప్పుడే వేటు కనబడుతుంది. ఆగకుండా వేస్తే గాలి తప్ప ఏమీ కనిపించదు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. సాంఘిక కథల్లో, గది మధ్యన కుర్చీలో కూర్చుని ఇంటి సంగతులు మాట్లాడే ఘట్టాల్లో ఆయన నటన నాకు కొంచెం బిగువుగా తోస్తుంది. నటుల్లో మోతీలాల్ లాంటివాళ్లు ఆ పాటికే చేతులు జేబులో పెట్టుకుని అలవోకగా మాట్లాడటం మరిగారు. జైరాజ్ చేతులు జేబులో ఇమడవు. వాటికి ఒరైనా ఉండాలి, కళ్లెమైనా ఉండాలి. కానీ కత్తి పట్టిన చిత్రాల్లో ఆ బిగువే నిటారుతనం అవుతుంది.

తర్వాత చిన్న పాత్రలు వచ్చాయి: తండ్రులు, డాక్టర్లు, పోలీసు అధికారులు. 1975 ఆగస్టు 15న విడుదలైన 'షోలే'లోనూ ఆయన ఒక చిన్న పోలీసు పాత్రలో కనిపిస్తారు. బెంగళూరు దగ్గర రామనగర బండల మధ్య, డెబ్బై ఎమ్మెమ్ తెరకోసం రమేష్ సిప్పీ తీసిన కౌబాయ్ తరహా చిత్రం అది. విలియం హార్ట్, టామ్ మిక్స్‌ల కాలంలో మొదలైన గుర్రాలు, దొంగలు, రైలు దాడుల కథ అరవై ఏళ్లు తిరిగి తిరిగి అక్కడికి చేరింది. ఆ పెద్ద తారాగణంలో మూకీల రోజులనుంచే కెమెరా ముందు పనిచేస్తున్న మనిషి ఒకడున్నాడని టికెట్టు కొన్నవాళ్లలో ఎందరు గమనించి ఉంటారు?

ఈమధ్య ఆయన పేరు మళ్లీ వినపడుతోంది. హైదరాబాద్ రవీంద్రభారతి ఆవరణలో ప్రివ్యూ థియేటర్‌కు ఆయన పేరు పెట్టారు. 2025లో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన గద్దర్ అవార్డుల్లో పైడి జైరాజ్ పేరిట ఒక పురస్కారం ఉంది, మణిరత్నంకు ఇచ్చారు. పేరు సరే, పని చూడాలనుకునేవాళ్లకు నా సలహా 'హాతిమ్ తాయ్'. హోమీ వాడియా తీశాడు. అతనూ మూకీల కాలంనుంచి వచ్చినవాడే, నాదియా నటించిన 'హంటర్‌వాలీ'కి దర్శకుడు. ఏడు ప్రశ్నలకు జవాబులు వెతుక్కుంటూ యెమెన్ రాకుమారుడు చేసే ప్రయాణం కథ, రాయిగా మారిన గుల్నార్ పరిగా షకీలా. మొదట ఒక పది నిమిషాలు ఫోన్‌లో శబ్దం ఆపేసి చూడండి. కళ్లు ముందు తిరుగుతున్నాయా, కాలు తర్వాత కదులుతోందా, ఆగవలసినచోట ఆగుతున్నాడా అన్నది గమనించండి. కథ ఏమిటో మాట లేకుండా ఎంతవరకు తెలుస్తుందో చూసుకోండి. తర్వాత వెనక్కి తిప్పి, శబ్దం పెట్టి, అవే పది నిమిషాలు మళ్లీ చూస్తే ఆ ఉర్దూ చెవిన పడుతుంది. గుక్క ఎక్కడ తీసుకుంటున్నాడో వినండి, చాలామట్టుకు ఒళ్లు ఆగిన చోటే తీసుకుంటాడు.